కొత్త ఊరు, కొత్త నీరు: పిల్లలతో గాలం వేటకు వెళ్లే ముందు



ఉద్యోగాల కోసం ఉక్కునగరం, కూర్మన్నపాలెం, గాజువాక ప్రాంతాలకు కొత్త కుటుంబాలు వస్తూనే ఉంటాయి. కొందరు తెలంగాణ చెరువుల పక్క నుండి, మరికొందరు గోదావరి కాలువల పక్క నుండి వస్తారు. గాలం వేయడం వారికి చిన్ననాటి అలవాటు. సముద్రం ఇంత దగ్గరలో ఉందని తెలియగానే ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలను తీసుకొని బయలుదేరతారు. తల్లిదండ్రులు, పిల్లలు పక్కపక్కన కూర్చొని ఓపిక నేర్చుకునే మంచి కాలక్షేపమే ఇది. మేము వద్దనడం లేదు. అయితే చెరువు దగ్గర నేర్చిన అలవాటు సముద్రం దగ్గర పనికిరాదు. ఈ నెల పాఠంలో ముఖ్యమైన మాట ఇదే.

కొన్నేళ్ల క్రితం ఒక తండ్రిని మా క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. వారు ఈ ఊరికి వచ్చి నెల కూడా కాలేదు. కాలువలో ఈది పెరిగిన మనిషి. అలకు కొట్టుకుపోయిన కొడుకు చెప్పు తీయడానికి మోకాలి లోతుకు దిగారట. తరువాతి అల కాళ్ల కింద ఇసుకతో సహా లాగేసింది. మా దగ్గరకు వచ్చేసరికే ప్రాణం లేదు. పిల్లవాడి చేతికి గాలపు దారం ఇంకా చుట్టుకొని ఉంది. దాన్ని మేమే విప్పాం. అందుకే ఈ పాఠం రాస్తున్నాం.

1. ముందు అడగండి

పద్దెనిమిదవ శతాబ్దం చివర విశాఖపట్నం వచ్చిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఇక్కడి చేపల మీద ఒక గ్రంథం తయారుచేశాడు. 200 చేపల బొమ్మలతో అది 1803లో లండన్‌లో అచ్చయింది. అందులో ఇక్కడి వాళ్లు పిలిచే పేర్లనే రాసుకున్నాడు. మనం కూర వండుకునే కానాగుర్తకు ఈనాటికీ ప్రపంచమంతటా శాస్త్రీయ నామంలో ఉన్నది ఆ మాటే. అంత చదివినవాడే ఇక్కడి వాళ్లను అడిగి నేర్చుకున్నప్పుడు, అడగడానికి మనకెందుకు మొహమాటం?

అప్పికొండ, ముత్యాలమ్మపాలెం వంటి తీర గ్రామాల్లో వేట మీద బ్రతికే పెద్దలు ఉన్నారు. మొదటి ఆదివారం గాలం ఇంట్లోనే ఉంచి వెళ్లండి. “అన్నా, ఇక్కడ లోతు ఎక్కడ? నీరు లోపలికి లాగే చోటు ఏది? ఏ చేపను ముట్టుకోకూడదు?” అని ఈ మూడు ప్రశ్నలు అడగండి. అరగంట కూర్చొని అలలు ఎంతవరకు వస్తున్నాయో చూడండి.

2. చోటు, సమయం

తడిసి నాచు పట్టిన రాళ్ల మీద నిలబడవద్దు. రాయి తడిగా ఉందంటే అల అక్కడిదాకా వస్తుందని అర్థం. పోర్టు గోడల మీదికి ఎక్కవద్దు. కణితి రిజర్వాయరు స్టీల్ ప్లాంటుకు నీరు నిల్వ చేసేది, మేఘాద్రిగెడ్డ నగరానికి తాగునీరు ఇచ్చేది. అనుమతి లేకుండా అక్కడ గాలం వేయకూడదు. ఫ్యాక్టరీల నీరు, మురుగు కలిసే గెడ్డల్లో పట్టిన చేప తినవద్దు.

వాతావరణ శాఖ తుఫాను లేదా పెద్ద అలల హెచ్చరిక ఇచ్చిన రోజు, ఉరుము వినిపించిన రోజు వెళ్లవద్దు. నైట్ షిఫ్టు దిగి నిద్ర లేకుండా పిల్లలను తీసుకెళ్లడం కూడా ప్రమాదమే.

3. ఒకరు కాపలా

ఇద్దరు పెద్దలు లేనిదే పిల్లలతో వెళ్లవద్దు. ఒకరు గాలం పట్టుకుంటే రెండవవారు పిల్లలనే చూడాలి. వారి చేతిలో గాలం గాని, సెల్‌ఫోన్ గాని ఉండకూడదు. మునిగేవారు సినిమాలో లాగా కేకలు వేయరు. చాలాసార్లు చప్పుడు లేకుండా మునిగిపోతారు. నీటి అంచున ఉండే పిల్లలకు లైఫ్ జాకెట్ వేయండి. గాలి నింపిన ట్యూబు దానికి బదులు కాదు. చెప్పు, టోపీ, గాలం ఏది కొట్టుకుపోయినా పోనివ్వండి.

4. గాయమైతే

మొదట నేర్చుకునే పిల్లలకు చిన్న కొక్కెం ఇచ్చి, దాని వెనుక ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేయండి. గాలం విసిరే ముందు వెనక్కి చూడడం నేర్పండి.

కొక్కెం లోతుగా దిగితే లాగవద్దు. దారం కత్తిరించి, కొక్కెం కదలకుండా గుడ్డ చుట్టి ఆస్పత్రికి రండి. కంటికి గుచ్చుకుంటే అసలు ముట్టుకోకుండా పైన ఒక కప్పు అడ్డం పెట్టి తీసుకురండి. టి.టి. ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి.

జెల్ల ముల్లు, టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే నొప్పి భరించలేనంతగా ఉంటుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఆ భాగాన్ని 30 నుండి 90 నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. చర్మం కాలకుండా నీటి వేడిని ముందు గాయం లేని చేతితో చూడండి. తరువాత తప్పక డాక్టరుకు చూపించండి.

5. ఎవరైనా మునిగితే

వెంటనే నీటిలోకి దూకవద్దు. రక్షించబోయినవారే పోయిన ఇళ్లు ఎన్నో. కేక వేసి జాలరివారిని పిలవండి. తాడు గాని, మూత బిగించిన ఖాళీ క్యాను గాని విసరండి. 108కి ఫోన్ చేయించండి.

బయటకు తీశాక కడుపు నొక్కడం, తలక్రిందులుగా తిప్పడం చేయవద్దు. ఊపిరి లేకపోతే ముందు నోటితో ఊపిరి ఊదండి. తరువాత ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదుతూ, సహాయం వచ్చేవరకు ఆపకండి. తేరుకొని మాట్లాడినా ఆస్పత్రికి తీసుకురండి. ఊపిరితిత్తుల్లోకి నీరు పోతే కొన్ని గంటల తరువాత ఆయాసం రావచ్చు.

6. వండే ముందు

బంతిలా ఉబ్బే చేప గాలానికి పడితే తినవద్దు, కోళ్లకు, పిల్లులకు వేయవద్దు. దాని విషం ఎంత ఉడికించినా పోదు. దానికి విరుగుడు మందు లేదు. చేప తిన్న తరువాత పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే ఒక్క నిమిషం ఆలస్యం చేయకండి.

పట్టిన చేపలను ఎండలో సంచిలో వదలకుండా ఐసు మీద పెట్టండి. కానాగుర్తల వంటివి వేడికి పాడైతే, వండినా ఒళ్లు ఎర్రబారి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి.

ముగింపు

సువార్తల్లో చేపల వేట అంటే మనకు వలలే గుర్తొస్తాయి. కాని మత్తయి 17వ అధ్యాయంలో ప్రభువు పేతురును గాలం వేయమని పంపాడు. యోహాను 21లో రాత్రంతా శ్రమపడిన శిష్యులకు ఒడ్డున నిప్పుల మీద చేపలు సిద్ధం చేశాడు. ఒడ్డున అందరూ కూర్చొని తినడమే ఆ ఉదయపు సంతోషం. మీ ఇంటివారు ఎంతమంది వెళ్లారో అంతమందీ తిరిగి రావాలి. చేప ఒక్కటీ పడకపోయినా అదే మంచి వేట.

ఇంట్లో కలిసి మాట్లాడుకోండి: ఈ ఆదివారం మనలో కాపలా ఎవరు? చెప్పు కొట్టుకుపోతే ఏం చేయాలి? 108కి ఎవరు ఫోన్ చేస్తారు? పిల్లల చేత జవాబు చెప్పించండి.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.