నీరు తగ్గిన నదిలో

పాఠ్యభాగ పరిచయం

వేట అనగానే బలం, ఓర్పు, నేర్పు స్ఫురిస్తాయి. ఎప్పుడు ఆగవలెనో తెలియడం కూడా ఆ నేర్పులో భాగమే. అమెరికాలోని సస్క్వెహానా నదిలో వేసవికాలంలో సాగే గాలపు వేటను ఆధారంగా చేసుకొని ఈ విషయాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

సస్క్వెహానా నది న్యూయార్క్ రాష్ట్రంలోని ఆట్సీగో సరస్సు వద్ద పుట్టి, పెన్సిల్వేనియా రాష్ట్రం గుండా దక్షిణంగా ప్రవహించి, మేరీలాండ్‌లో చెసపీక్ అఖాతాన్ని చేరుతుంది. దీని పొడవు సుమారు 715 కిలోమీటర్లు. హారిస్‌బర్గ్ నగర సమీపంలో నది వెడల్పు కిలోమీటరుకు పైగా ఉంటుంది. 1902లో పూర్తయిన రాక్‌విల్ రైలు వంతెన 48 రాతి కమానులతో అక్కడ నదిని దాటుతుంది. అంత వెడల్పున్నా నదికి లోతు మాత్రం తక్కువ. వసంతంలో మంచు కరిగి ఉరవడిగా పారిన నీరు జూలై, ఆగస్టు నెలలు వచ్చేసరికి తగ్గిపోతుంది. వేసవిలో గోదావరి ఇసుకతిన్నెలు బయటపడినట్లే, ఇక్కడ రాతిబండలు వరుసలు వరుసలుగా బయటపడతాయి. చాలాచోట్ల మోకాటిలోతు నీటిలో నడిచిపోవచ్చు.

ఈ నదిలో గాలం వేసేవారు మిక్కిలి ఇష్టపడే చేప స్మాల్‌మౌత్ బాస్. ఆ మాటకు 'చిన్ననోటి బాస్' అని అర్థం. దీని దగ్గరి బంధువైన లార్జ్‌మౌత్ బాస్ పై దవడ కంటిని దాటి వెనుకకు సాగుతుంది. దీని దవడ అంతవరకు సాగదు. కంచు వన్నె దేహం, పక్కల నిలువు చారలు దీని గుర్తులు. ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేడ్ 1802లో ఈ ప్రజాతికి 'మైక్రోప్టెరస్' అని పేరు పెట్టాడు. చిన్న రెక్క గలదని ఆ గ్రీకు మాటకు అర్థం. ఆయన పరిశీలించిన చేపకు వెన్నురెక్క గాయపడి ఉంది. తెగి మిగిలిన ముక్కను ఆయన ప్రత్యేకమైన చిన్న రెక్కగా భావించాడు. ఆ విధంగా ఒక చేప గాయం ఒక ప్రజాతి అంతటికీ పేరైంది.

వసంతం చివర నీరు 15 డిగ్రీల సెల్సియస్ దాటి వెచ్చబడినప్పుడు మగచేప గులకరాళ్ల మధ్య గుంట చేస్తుంది. ఆడచేప అందులో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. గుడ్లకూ, పిల్లలకూ కావలి కాసేది తండ్రే. తెలుగునాట చెరువులలో పిల్లలను కాచుకొనే కొర్రమీనును చూసినవారికి ఈ కాపలా కొత్త కాదు.

ఈ చేప సస్క్వెహానాలో పుట్టినది కాదు. మహాసరోవరాలు, ఒహాయో, ఎగువ మిసిసిపీ నదుల పరీవాహక ప్రాంతాలు దీని పుట్టినిల్లు. 1854లో వీలింగ్ వాగులోని కొన్ని చేపలను రైలింజను నీటితొట్టిలో ఉంచి, కొండలకు తూర్పుననున్న కంబర్లాండ్‌కు తెచ్చి విడిచారు. అవి పొటోమాక్ నదిలో వృద్ధి పొందాయి. ఆ తరువాతి దశాబ్దాలలో సస్క్వెహానాలోనూ ఈ జాతిని ప్రవేశపెట్టారు.

నీరు తగ్గినప్పుడు నది తన రహస్యాలను దాచుకోలేదు. నిండు ప్రవాహంలో కనిపించని బండల అరలు, లోతైన కాలువలు, మడుగులు అప్పుడు స్పష్టమవుతాయి. చేపలు ఎక్కడ చేరుతాయో ఊహించడానికి ఒక శాస్త్ర సత్యం తోడ్పడుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గుతుంది. 10 డిగ్రీల వద్ద లీటరు నీరు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువును నిలుపుకొంటే, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములే నిలుపుకొంటుంది. వేడికి చేప శరీర వ్యాపారాలు వేగవంతమై దానికి మరింత ప్రాణవాయువు కావలసివస్తుంది. అవసరం పెరిగే వేళకే సరఫరా తగ్గుతుందన్నమాట. అందుచేత రాళ్లపై నీరు నురుగులు కక్కుతూ దూకి, గాలిని కలుపుకొని మడుగులో ప్రవేశించే చోట చేపలు గుమిగూడుతాయి. బండల నీడను, ఊటనీరు చేరే చోటును కూడా అవి ఆశ్రయిస్తాయి.

చోటు తెలిసినంత మాత్రాన చేప చిక్కదు. తేటనీటిలో మనిషి నీడ పడినా, కాలికింద రాయి కదిలినా అది బెదిరి పారిపోతుంది. చేప సాధారణంగా ప్రవాహానికి ఎదురుగా నిలిచి, కొట్టుకొనివచ్చే ఆహారం కోసం కాచుకొని ఉంటుంది. కనుక అనుభవజ్ఞుడు దిగువ నుండి, దాని వెనుకవైపు నుండి మెల్లగా నడుస్తాడు. సన్నని దారం కట్టి, చిన్న ఎరను దూరం నుండి విసురుతాడు. ఈ చేపకు ప్రీతికరమైన ఆహారం క్రేఫిష్. అది రొయ్యను పోలి, పీతవలె పటకారు గోళ్లు కలిగిన జీవి. రాళ్ల కింద దాగే కీటకాల డింభకాలను, చిన్న చేపలను కూడా బాస్ తింటుంది. వాటిని పోలిన కృత్రిమపు ఎరలే వేటగాడి సంచిలో ఉంటాయి. వేకువన, సంధ్యవేళ నీటిపై తేలే ఎరను బాస్ ఒక్కసారిగా ఎగిరి అందుకొంటుంది. కొక్కెం తగిలిన తరువాత అది పలుమార్లు నీటిపైకి ఎగిరి, తల విదిలించి పెనుగులాడుతుంది. ఆ పౌరుషమే దానికి కీర్తి తెచ్చింది.

అయితే ఆ పెనుగులాటకు చేప చెల్లించే మూల్యం వేసవిలో అధికం. అలసిన చేప కోలుకోవడానికి ప్రాణవాయువు కావాలి. ఆ సమయంలో అదే కొరవడుతుంది. చల్లని నీటిలో క్షేమంగా ఈదుకొనిపోయే చేపే, వేడినీటిలో విడిచిపెట్టిన తరువాత కూడా చనిపోవచ్చు. అందువలన వివేకం గల వేటగాడు ఎదురుముల్లు లేని కొక్కెం వాడతాడు. చేపను ఎక్కువసేపు అలయించక త్వరగా దరిచేరుస్తాడు. దేహంపైనున్న జిగురు పొర చెడకుండా చేతులు తడుపుకొని పట్టుకొంటాడు. వీలైనంత వరకు నీటిలోనే ఉంచి కొక్కెం తీస్తాడు. మధ్యాహ్నానికి నీరు మిక్కిలి వేడెక్కితే గాలం చుట్టి ఇంటిదారి పడతాడు. నది చేపను చూపింది కదా అని పట్టితీరవలెనన్న నియమం లేదు.

ఈ జాగ్రత్త కేవలం మర్యాద కాదు. 2005లో సస్క్వెహానాలో ఈ జాతి పిల్లచేపలు ఒంటిపై పుండ్లతో పెద్దసంఖ్యలో చనిపోయాయి. ఆ వేసవి నదిలో నీరు తక్కువ, వేడి ఎక్కువ. 2008లో జరిగిన పరిశీలనలో, పిల్లచేపలు పెరిగే ఒడ్డువార నిస్సారపు నీటిలో ప్రాణవాయువు నడిమి ప్రవాహంలో కంటె తక్కువగా ఉన్నదని తేలింది. పగలు ప్రాణవాయువును విడుదల చేసే నాచు, రాత్రి దానిని పీల్చుకొంటుంది. పొలాల నుండి, మురుగునీటి నుండి చేరే పోషకాలు ఆ నాచును పెంచుతాయి. 2015లో రాష్ట్ర అధికారులు ప్రకటించిన అధ్యయనం, హార్మోనుల పనిని చెడగొట్టే రసాయనాలను, కలుపు మందులను, వ్యాధికారక జీవులను ప్రధాన కారణాలుగా అనుమానించింది. ఈలోగా నదిలోని కొన్ని భాగాలలో, పట్టిన బాస్‌ను వెంటనే విడిచివేయాలనే నిబంధన వచ్చింది. కాలక్రమంలో చేపల సంఖ్య కొంత కోలుకొంది.

తమ గాలానికి పిల్లచేపలు కనబడడం మానినప్పుడు, పెద్ద చేపల ఒంటిపై మచ్చలు కనిపించినప్పుడు, ఆందోళన చెంది గొంతెత్తినవారిలో వేటగాళ్లు ఉన్నారు. నీరు తగ్గిన నదిలో అడుగడుగునా నడిచి, ప్రతి బండను, ప్రతి మడుగును ఎరిగినవారు కనుకనే ఆ మార్పు వారి కంటబడింది. నదిని చదవడం నేర్చినవాడికి చేపను పట్టడం సులభమవుతుంది. నదికి జబ్బు చేసినప్పుడు ముందుగా గుర్తించవలసిన బాధ్యత కూడా అతనికే కలుగుతుంది.

అర్థాలు

అఖాతం = నేలలోనికి చొచ్చుకొనివచ్చిన సముద్రభాగం
ప్రజాతి = దగ్గరి సంబంధం గల జాతుల సమూహం
పరీవాహక ప్రాంతం = నదికి నీరు చేరే భూభాగం
డింభకం = గుడ్డు నుండి వెలువడిన తొలిదశ జీవి
మూల్యం = వెల

ప్రశ్నలు

1. వేసవిలో నీరు తగ్గినప్పుడు చేపలు కొన్ని చోట్లనే ఎందుకు చేరుతాయో సకారణంగా వివరించండి.
2. వివేకం గల వేటగాడు పాటించే నియమాలను తెలుపండి.
3. సస్క్వెహానా నదిలో పిల్లచేపల మరణానికి దారితీసిన పరిస్థితులను చర్చించండి.
4. సందర్భ సహిత వ్యాఖ్య రాయండి: "నీరు తగ్గినప్పుడు నది తన రహస్యాలను దాచుకోలేదు."
5. మీ ప్రాంతంలోని వాగు లేదా చెరువు వేసవిలో ఎట్లా మారుతుందో పది వాక్యాలలో రాయండి.