వేదిక ఎక్కబోయే విలేకరికి



పత్రికారచయిత వేదికపై నిలిచినప్పుడు అతని మాటకు దక్కే విలువ కంఠస్వరం వల్లనో, పదాడంబరం వల్లనో రాదు. శ్రోతలు వెళ్లని చోటికి వెళ్లి, వారి చెవిన పడని మాటలు విని వచ్చినందువల్ల వస్తుంది. ఉపన్యాసానికి తొలి పిలుపు అందుకున్న యువ విలేకరి ఈ సంగతి గ్రహించడానికి పత్రికారచయిత పాలగుమ్మి సాయినాథ్ ప్రసంగాల తీరును శ్రద్ధగా గమనించడం మేలు. 1957లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన, 1993లో ఫెలోషిప్, అనగా ఎంచుకున్న అంశంపై పరిశోధనకు లభించే ఆర్థిక సహాయం, పొంది పలామూ, గొడ్డా, కలహండి, సర్గుజా, రామనాథపురం వంటి నిరుపేద జిల్లాల్లో తిరిగి రాసిన కథనాలే 1996లో ‘ఎవ్రిబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్’ గ్రంథంగా వెలువడ్డాయి. తర్వాతి కాలంలో దేశవిదేశాల సభల్లో ఆయన చేసిన ప్రసంగాలకు ఆ తిరుగుడే మూలధనం.

దీపా భాటియా తీసిన ‘నీరోస్ గెస్ట్స్’ అనే డాక్యుమెంటరీ ఆయన ప్రసంగ నిర్మాణానికి మంచి సాక్ష్యం. రోమన్ చక్రవర్తి నీరో తన తోటలో వెలుతురు కోసం శిక్షపడిన మనుషులను దహింపజేశాడని చరిత్రకారుడు టాసిటస్ రాసిన వృత్తాంతాన్ని చెప్పి, నీరో ఎలాంటివాడో అందరికీ తెలుసు గాని, ఆ వెలుగులో విందారగించిన అతిథులు ఎలాంటివారని సాయినాథ్ ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్న విదర్భ పత్తి రైతుల ఆత్మహత్యల వైపు మళ్లేసరికి, అప్పటిదాకా న్యాయనిర్ణేతల స్థానంలో కూర్చున్న శ్రోతలు తామే అతిథుల వరుసలోకి జరగక తప్పదు. నిందించకుండా నిలదీయడం అంటే ఇదే. ఇంతటి నేర్పు తెలుగు వేదికలపై అరుదు.

అంకెల విషయంలో ఆయన జాగ్రత్త మరింత అనుసరణీయమైనది. రైతు ఆత్మహత్యలపై జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలను ఉదహరిస్తూనే, భూమి హక్కు తమ పేరున లేని మహిళా రైతులు, కౌలు రైతులు, అనగా పరుల భూమిని అద్దెకు తీసుకుని సాగుచేసేవారు, ఆ లెక్కలకు ఎలా దూరమవుతున్నారో ఆయన విడమరచి చెబుతారు. సంఖ్యను పలికే వక్త ఆ సంఖ్యలో చేరనివారిని కూడా పలకాలి.

కనుక కౌలు రైతులపై తన ప్రసంగపాఠం ముగించే ముందు, యువ విలేకరి ఆ రైతుల ఇళ్లకు మరొకసారి వెళ్లి, అప్పు కాగితం ఎవరి పేరున ఉన్నదో, పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉన్నదో స్వయంగా చూసి రావాలి.