ఇంగ్లీషు బోధించే ఉపాధ్యాయులకు కొన్ని సూచనలు

మన విచారణ కుటుంబాల్లో ఇంగ్లీషు బోధించేవారు చాలామందే ఉన్నారు. మఠకన్యలు ఉన్నారు, చాలీచాలని జీతానికి ప్రైవేటు బడుల్లో పనిచేసే యువతులు ఉన్నారు, సర్కారు బడి పంతుళ్లు ఉన్నారు. 2022-23 విద్యా సంవత్సరం నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. దానితో అంతవరకు తెలుగులో లెక్కలు చెప్పినవారు కూడా ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చింది. ఈ వ్యాసం మీ కోసమే. తల్లిదండ్రులు కూడా చదవాలని నా మనవి.

ముందుగా ఒక చెడ్డ అలవాటును గూర్చి చెప్పాలి. కొన్ని బడుల్లో తెలుగు మాట్లాడిన పిల్లవానికి జరిమానా వేస్తారు, లేదా మెడలో పలక వేలాడదీస్తారు. ఫలితం ఏమిటి? వాడు ఇంగ్లీషూ మాట్లాడడు, తెలుగూ మాట్లాడడు. నోరు మూసుకుని కూర్చుంటాడు. క్రమశిక్షణ గల తరగతి అని మనం మురిసిపోతాం! పునీత అగుస్తీను వారు తమ ఆత్మకథ మొదటి భాగంలో ఈ సంగతే వ్రాశారు. లతీను భాషను దాదుల ముద్దుమాటల మధ్య, నవ్వులాటల మధ్య భయం లేకుండా నేర్చుకున్నారు. గ్రీకును మాత్రం బెదిరింపులతో, శిక్షలతో నేర్పారు. అది వారికి చేదైపోయింది. అంతటి మేధావికే అలా జరిగితే మన ఐదవ తరగతి పిల్లల మాట వేరే చెప్పాలా?

కనుక పిల్లవాని తెలుగునే ఆసరాగా తీసుకోండి. ఒక పని చేసి చూడండి. నాలుగు అట్టముక్కల మీద 'నేను', 'బడి', 'కి', 'వెళ్తాను' అని వ్రాయండి. వాటి వెనుక వైపు ఐ, స్కూల్, టు, గో అని ఇంగ్లీషు అక్షరాల్లో వ్రాయండి. నలుగురు పిల్లల చేతికిచ్చి తెలుగు వరుసలో నిలబెట్టండి. తరువాత 'వెళ్తాను' పట్టుకున్న పిల్లను 'నేను' పక్కకు నడిపించండి. 'కి' పట్టుకున్నవాడు 'బడి'కి ముందుకు రావాలి. ఇప్పుడు అట్టలు తిప్పమనండి. ఇంగ్లీషు వాక్యం సిద్ధం! క్రియ ఎక్కడికి పోయిందో, విభక్తి ఏ పక్కకు మారిందో తరగతంతా కళ్లారా చూస్తుంది. సూత్రం వల్లె వేయించనక్కర లేదు.

ఉచ్చారణ సంగతీ అంతే. మన తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్సు, బుక్కు, కప్పు అంటాం. పిల్లవాడు అలా అంటే ఎగతాళి చేయకండి, అది తెలుగు నోటి స్వభావం. 'కప్' అని పెదవులు మూసి, రెండు లెక్కపెట్టేదాకా తెరవవద్దని చెప్పండి. రోజుకు రెండు నిమిషాలు చాలు.

ఇక మాట్లాడించడం. ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుండి 1984 వరకు మన దక్షిణ భారతంలోనే, బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు పాఠశాలల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణం పక్కన పెట్టి, పిల్లలకు ఒక చిక్కు ఇచ్చి ఇంగ్లీషులో విప్పమన్నారు. రైళ్ల టైంటేబులు, ఊరి పటం, ఇటువంటివే సామగ్రి. మన కాజీపేటకు ఇంతకన్నా తగిన పాఠం ఉందా? సికింద్రాబాదు, విజయవాడ, బల్లార్షా లైన్లు కలిసే జంక్షను మనది! బోర్డు మీద ఐదు రైళ్ల వేళలు వ్రాయండి. అమ్మమ్మ చీకటి పడకముందే విజయవాడ చేరాలి, ఏ రైలు ఎక్కాలి? ఎన్ని గంటల ప్రయాణం? మొదటి చిక్కు అందరితో కలిసి ప్రశ్నలు జవాబులుగా విప్పండి. రెండవది పిల్లలను సొంతంగా చేయనివ్వండి. రైలు సరిగ్గా చెబితే, ఇంగ్లీషు వంకరగా ఉన్నా మార్కు వేయండి. తప్పులు కాగితం మీద వ్రాసుకోండి. అందులో రెంటిని మాత్రం మరునాడు బోర్డు మీద, పేరు చెప్పకుండా సరిదిద్దండి.

అరవై మంది ఉన్న తరగతిలో ఎలా అంటారా? ముందు బెంచీ వెనక్కి తిరిగితే చాలు, జతలు ఏర్పడతాయి. గోల తప్పదు. హెడ్మాస్టరు గారు వచ్చి అడిగితే పాఠం జరుగుతోందని చెప్పండి.

మా ఇంగ్లీషే అంతంతమాత్రం అని మీలో కొందరికి లోలోపల బెరుకు. ఇంగ్లీషు టీచర్ల శిక్షణ కోసం 1958లో హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక కేంద్ర సంస్థ పెట్టారు, నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం అదే. పుట్టుకతో వచ్చే విద్యయితే అది ఎందుకు? పాఠం ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకొని వెళ్లండి. తెలియని మాట వస్తే పిల్లల ముందే నిఘంటువు తీయండి. 1952లో ఏర్పడిన మన మేత్రాసనంలో తొలినాళ్లలో సేవచేసిన ఇటలీ దేశపు పీమె గురువులు పెద్దయ్యాకే తెలుగు నేర్చుకున్నారు. వారి ఉచ్చారణకు ఎవరూ జరిమానా వేయలేదు!

తల్లిదండ్రులకు ఒక్క మాట. సాయంత్రం మార్కులు అడిగేముందు, ఇవాళ్టి ఇంగ్లీషు పాఠం తెలుగులో చెప్పమని పిల్లలను అడగండి. చెప్పగలిగితే పాఠం అర్థమైనట్లే. చెప్పలేకపోతే ఎక్కడ ఆగారో చూసి, మరునాడు టీచరు గారికి నెమ్మదిగా తెలియజేయండి.