శాకాహారం – సమతులాహారం

పాఠ్యాంశ ఉద్దేశం

మాంసాహారాన్ని విడిచి శాకాహారాన్ని స్వీకరించేవారు నేటి సమాజంలో ఎందరో ఉన్నారు. ఆ మార్పు వల్ల ఆరోగ్యానికి భంగం కలగకుండా ఏ పోషకాలను ఏ పదార్థాల నుండి పొందాలో తెలియజేయడం, ఆహార విషయంలో విద్యార్థులకు శాస్త్రీయ దృష్టిని అలవరచడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

జీవకోటికి ఆహారమే ఆధారం. మానవుడు తినే ఆహారంలో అతడు పుట్టిన నేల, పెరిగిన ఇల్లు, నమ్మిన విశ్వాసం అన్నీ ప్రతిబింబిస్తాయి. కోస్తా తీరంలో చేపల పులుసు, రాయలసీమలో రాగిసంకటితో నాటుకోడి కూర, తెలంగాణలో జొన్నరొట్టెతో మాంసం కూర తరతరాలుగా వస్తున్న రుచులు. అయితే ఇటువంటి కుటుంబాలలో పెరిగినవారిలో కొందరు ఒక దశలో మాంసాన్ని విడిచిపెట్టాలని సంకల్పిస్తారు. కొందరిని జీవకారుణ్యం ప్రేరేపిస్తుంది. కొందరిని మతవిశ్వాసం నడిపిస్తుంది. అయ్యప్ప దీక్షలో నలభై ఒక్క రోజులు శాకాహారం తీసుకొన్నవారిలో కొందరు దీక్ష విరమించిన తరువాత కూడా అదే నియమాన్ని కొనసాగిస్తారు. కారణం ఏదైనా, ఆ సంకల్పం గౌరవింపదగినదే. కాని సంకల్పం మనసుది. దాని ఫలితాన్ని అనుభవించేది దేహం. దేహధర్మాన్ని తెలుసుకోకుండా పట్టిన నియమం ఎంత ఉన్నతమైనదైనా కష్టాన్నే మిగులుస్తుంది. ఇందుకు మహాత్మాగాంధీ జీవితమే చక్కని ఉదాహరణ.

గాంధీజీ 1888లో న్యాయవిద్య కోసం లండన్ వెళ్లేటప్పుడు మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చాడు. అక్కడ హెన్రీ సాల్ట్ రచించిన గ్రంథాన్ని చదివిన తరువాత, తల్లికిచ్చిన మాట కోసమే కాక, తన సొంత నిర్ణయంతో కూడా శాకాహారి అయ్యాడు. అంతటితో ఆగక 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రంలో పాలను కూడా త్యజించాడు. పండ్లు, గింజలు, వేరుశనగ వంటివే ఆయనకు ఆహారమయ్యాయి. 1918లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో తిరుగుతున్న రోజులలో ఆయన తీవ్రమైన విరేచనాల వ్యాధికి గురయ్యాడు. ఇక బ్రతకనేమో అనుకునేంతగా క్షీణించాడు. ప్రాణాపాయం తప్పినా దేహంలో బలం పుంజుకోలేదు. పాలు తాగనిదే శరీరం కోలుకోదని బొంబాయి వైద్యుడు స్పష్టంగా చెప్పాడు. గాంధీజీ తన వ్రతాన్ని గుర్తుచేశాడు. అప్పుడు అక్కడే ఉన్న కస్తూరిబా, వ్రతం పట్టిననాడు మనసులో ఉన్నవి ఆవుపాలు, గేదెపాలే కదా, మేకపాలకు అభ్యంతరమేమిటని అడిగింది. గాంధీజీ మేకపాలు స్వీకరించి కోలుకొన్నాడు.

వ్రతం మాట నిలిచింది గాని దాని అంతరార్థం నిలవలేదన్న బాధ ఆయనను చాలాకాలం వేధించింది. ఆ సంగతిని ఆయన ఆత్మకథలో దాచకుండా వ్రాశాడు. తనను చూసి పాలు మానివేసినవారు, అన్ని విధాలా మేలు కలుగుతున్నదని తేలితే తప్ప, లేదా అనుభవజ్ఞులైన వైద్యుల సలహా ఉంటే తప్ప, ఆ ప్రయోగాన్ని కొనసాగించవద్దని హితవు కూడా చెప్పాడు. తన ఆదర్శం వల్ల ఇతరులకు కీడు జరగరాదన్న ఆ బాధ్యతాబుద్ధి గమనింపదగినది. ఆహారనియమం పాటించేవారికి ఉండవలసిన మొదటి లక్షణం ఈ వినయమే.

శాకాహారానికి మారేవారు సాధారణంగా చేసే పొరపాటు ఒకటున్నది. విస్తరిలో నుండి మాంసాన్ని తీసివేస్తారు. దాని స్థానంలో మరొకటి చేర్చరు. అన్నం, పచ్చడి, చారు, మజ్జిగతో భోజనం ముగిస్తారు. ఆకలి తీరుతుంది కాబట్టి లోపం కనిపించదు. ఇంటికి దూరంగా వసతిగృహాలలో ఉండి చదువుకొనే విద్యార్థులలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. మాంసం, చేపలు, గుడ్లు దేహానికి ప్రధానంగా మాంసకృత్తులను, ఇనుమును, జింకును, బి12 విటమినును అందిస్తాయి. వీటిని విడిచినప్పుడు ఆ పోషకాలు మరెక్కడి నుండి వస్తాయో ఆలోచించడమే సమతులాహారానికి తొలిమెట్టు.

మొదటిది మాంసకృత్తుల విషయం. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో చేసిన సిఫారసుల ప్రకారం పదహారు నుండి పద్దెనిమిది సంవత్సరాల వయసు గల బాలురకు రోజుకు సుమారు 55 గ్రాములు, బాలికలకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు అవసరం. వంద గ్రాముల బియ్యంలో ఇవి ఇంచుమించు 7 గ్రాములు, కందిపప్పులో 22 గ్రాములు, వేరుశనగ గింజలలో 25 గ్రాములు ఉంటాయి. సోయాచిక్కుడు గింజలలో 35 గ్రాములకు పైగా ఉంటాయి. ఒక రోజులో 300 గ్రాముల బియ్యం, 75 గ్రాముల పప్పు, 400 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, గుప్పెడు వేరుశనగలు తీసుకొంటే దాదాపు 57 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. అదే విద్యార్థి పప్పు, వేరుశనగ మాని, పాలు సగానికి తగ్గిస్తే లభించేది 27 గ్రాములే. రెండు సందర్భాలలోనూ తిన్న అన్నం ఒక్కటే. కడుపు నిండడం వేరు, పోషణ కలగడం వేరు అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మాంసకృత్తుల విషయంలో పరిమాణమే కాక నాణ్యత కూడా ముఖ్యం. ఇవి అమైనో ఆమ్లాలతో ఏర్పడతాయి. వాటిలో కొన్నింటిని దేహం తయారుచేసుకోలేదు. ఆహారం ద్వారానే పొందాలి. బియ్యం, గోధుమ వంటి ధాన్యాలలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుధాన్యాలలో అది సమృద్ధిగా ఉంటుంది. పప్పులలో తక్కువగా ఉండే మిథియోనిన్ ధాన్యాలలో లభిస్తుంది. అందువల్ల ధాన్యం, పప్పు కలిసినప్పుడు ఒకదాని లోటును మరొకటి భర్తీ చేస్తుంది. పప్పన్నం, పులగం, ఇడ్లీ, దోసె ఈ కలయికకు ఉదాహరణలు. రసాయనశాస్త్రం ఈ రహస్యాన్ని విప్పకముందే మన వంటిళ్లు దానిని ఆచరణలో పెట్టాయి. ధాన్యం, పప్పు ఒకే పూట కలిపి తినకపోయినా, ఒకే రోజులో రెండూ ఉంటే చాలు.

రెండవది ఇనుము. రక్తంలోని హిమోగ్లోబిన్ తయారీకి ఇనుము అత్యవసరం. అది లోపిస్తే రక్తహీనత, అలసట, చదువుపై ఏకాగ్రత తగ్గడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. ప్రతి మాసం ఋతుస్రావం వల్ల కొంత ఇనుమును కోల్పోయే బాలికలు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. మాంసంలోని ఇనుమును దేహం తేలికగా గ్రహిస్తుంది. ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యాలలోని ఇనుమును అంత తేలికగా గ్రహించలేదు. అయితే అదే భోజనంలో సి విటమిన్ ఉంటే గ్రహణశక్తి పెరుగుతుంది. పప్పులో నిమ్మరసం పిండుకోవడం, భోజనానంతరం జామపండు తినడం, ఉసిరికాయను వాడడం ఇందుకు సులభమైన మార్గాలు. వంద గ్రాముల జామపండులో సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. ఇందుకు భిన్నంగా భోజనంతో పాటు టీ, కాఫీలు తాగితే ఇనుము దేహానికి తక్కువగా అందుతుంది. భోజనానికి, టీకి మధ్య కనీసం ఒక గంట వ్యవధి ఉండడం మంచిది. గింజలను నానబెట్టడం, మొలకెత్తించడం, పిండిని పులియబెట్టడం వల్ల ఇనుము, జింకులను అడ్డగించే ఫైటేట్లు తగ్గుతాయి.

మూడవది సున్నం, అంటే కాల్షియం. ఎముకలు గట్టిపడే యౌవనదశలో దీని అవసరం రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాములు. వంద మిల్లీలీటర్ల ఆవుపాలలో ఇది దాదాపు 120 మిల్లీగ్రాములుంటే, వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములుంటుంది. పొట్టు తీయని నువ్వులలో వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు మించి ఉంటుంది. రాగిజావ, రాగిసంకటి, నువ్వుల చిమ్మిలి పాతకాలపు వంటకాలని తోసివేయదగినవి కావు. దేహం కాల్షియాన్ని గ్రహించడానికి డి విటమిన్ కావాలి. చర్మంపై సూర్యరశ్మి పడినప్పుడు అది దేహంలోనే తయారవుతుంది. తరగతి గదులకే పరిమితమైన విద్యార్థులు ప్రతిరోజూ కొంతసేపు ఆరుబయట ఆడుకోవడం అవసరం. చేపలకు బదులుగా ఒమేగా-3 కొవ్వులను కొంతవరకు అవిసె గింజలు, అక్రోటు అందిస్తాయి.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది బి12 విటమిన్. దీని వెనుక ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది. ఒకప్పుడు ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనత వైద్యులకు అంతుపట్టలేదు. రోగులకు కాలేయాన్ని ఆహారంగా ఇస్తే నయమవుతున్నదని అమెరికా వైద్యులు మైనట్, మర్ఫీ కనుగొన్నారు. విపిల్‌తో కలిసి వారు 1934లో నోబెల్ బహుమతి పొందారు. ఇంగ్లండుకు చెందిన లూసీ విల్స్ 1928లో బొంబాయికి వచ్చి, గర్భిణీ స్త్రీలలో కనిపించే మరొక రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని నిరూపించింది. ఆ సారంలోని పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. ఆయన కూడా ఆ వ్యాధికి గురై కోలుకొన్నాడు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ చికిత్సకు తోడ్పడింది. కాలేయంలో దాగిన ఆ మరొక పదార్థం, అంటే బి12, 1948లో స్ఫటికరూపంలో వేరుచేయబడింది. గాంధీజీ, సుబ్బారావు ఇద్దరూ మరణించిన సంవత్సరం కూడా అదే.

బి12 విటమినును మొక్కలు గాని, జంతువులు గాని తయారుచేయలేవు. కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే తయారుచేస్తాయి. జంతువుల దేహంలో నిల్వ ఉండడం వల్ల అది మాంసం, గుడ్లు, పాలలో లభిస్తుంది. ధాన్యాలు, కూరగాయలు, పండ్లు ఎంత తిన్నా అది లభించదు. స్పిరులినా వంటి నాచులలో ఉన్నదని చెప్పే పదార్థం మానవదేహానికి అక్కరకు రాని రూపంలో ఉంటుంది. పెద్దలకు దీని అవసరం రోజుకు రెండు, రెండున్నర మైక్రోగ్రాముల మధ్య మాత్రమే. అర లీటరు ఆవుపాలలో సుమారు రెండు మైక్రోగ్రాములు ఉంటుంది. కాబట్టి పాలు, పెరుగు తగినంత తీసుకొనే శాకాహారి ఈ లోపాన్ని చాలావరకు నివారించుకోవచ్చు. నీళ్ల మజ్జిగను మాత్రమే నమ్ముకొంటే చాలదు. పాలను కూడా త్యజించినవారు బి12 చేర్చిన ఆహారపదార్థాలను గాని, వైద్యుని సలహాతో మాత్రలను గాని తప్పక తీసుకోవాలి. ఇందులో మినహాయింపు లేదు.

ఈ లోపం చాటుగా వచ్చే శత్రువు వంటిది. కాలేయంలో నిల్వ ఉన్న బి12 కొన్ని సంవత్సరాల వరకు సరిపోతుంది. అందువల్ల ఆహారం మార్చిన తొలి సంవత్సరంలో ఏ బాధా కనిపించకపోవచ్చు. ఏ నష్టమూ లేదన్న ధీమా అప్పుడే ఏర్పడుతుంది. నిల్వలు తరిగిన తరువాత కాళ్లలో, చేతులలో తిమ్మిర్లు, మతిమరుపు, నడకలో తడబాటు మొదలవుతాయి. మరొక చిక్కు కూడా ఉన్నది. ఆకుకూరలు సమృద్ధిగా తినే శాకాహారికి ఫోలిక్ ఆమ్లం బాగా అందుతుంది. దాని వల్ల రక్తహీనత బయటపడకుండా ఉండి, నరాల నష్టం మాత్రం లోలోపల కొనసాగే అవకాశం ఉన్నది. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. సందేహం కలిగినప్పుడు రక్తపరీక్ష చేయించుకోవడం వివేకవంతుల లక్షణం.

శాకాహారానికి మారదలచినవారు ఒక్కసారిగా కాక క్రమంగా మారడం మేలు. ముందు రోజూ రెండు పూటలా పప్పు, ఒక పూట ఆకుకూర, ఒక పండు, తగినన్ని పాలు అలవాటు చేసుకొని, ఆ తరువాత మాంసాన్ని తగ్గించాలి. ఒక్కసారిగా పప్పులు పెంచితే కడుపు ఉబ్బరం కలగవచ్చు. నానబెట్టి, మెత్తగా ఉడికించి తింటే ఆ బాధ తగ్గుతుంది. వసతిగృహంలో ఉండేవారు వేయించిన శనగలు, వేరుశనగ, బెల్లంతో చేసిన అచ్చు, సున్నుండలు వంటివి దగ్గర ఉంచుకోవచ్చు. ఇవి చిప్స్, శీతలపానీయాల కంటె చౌక, మేలు కూడా. నూనెలో వేయించిన చిరుతిండ్లు కూడా శాకాహారమే. అంత మాత్రాన అవి ఆరోగ్యకరమైనవి కావు. గర్భిణులు, చిన్నపిల్లలు, దీర్ఘవ్యాధులతో బాధపడేవారు వైద్యుని సంప్రదించిన తరువాతే ఆహారాన్ని మార్చుకోవాలి.

చక్కగా అమర్చుకొన్న శాకాహారంతో మానవుడు నిండు ఆరోగ్యంతో జీవించగలడు. అమర్చుకోవడం తెలియకపోతే ఏ ఆహారమైనా కొరత మిగులుస్తుంది. సాటి ప్రాణిపై దయ చూపదలచినవారు తమ దేహం కూడా ఒక ప్రాణిదేనని మరువరాదు. తన ప్రాణాన్ని కూడా కలుపుకొన్నప్పుడే కరుణ సంపూర్ణమవుతుంది.

కఠినపదాలకు అర్థాలు

సంకల్పం = గట్టి నిర్ణయం
జీవకారుణ్యం = ప్రాణుల పట్ల దయ
త్యజించు = విడిచిపెట్టు
అంతరార్థం = లోపలి భావం
నిదర్శనం = ఉదాహరణ, రుజువు
వ్యవధి = నడుమ ఉండే కాలం
ధీమా = భరోసా

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. శాకాహారానికి మారేవారు మాంసకృత్తులు, ఇనుము, కాల్షియం విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించండి.
2. బి12 విటమిన్ లోపం "చాటుగా వచ్చే శత్రువు" ఎలా అయిందో పాఠం ఆధారంగా తెల్పండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గాంధీజీ మేకపాలు స్వీకరించిన సందర్భాన్ని వ్రాయండి.
2. ధాన్యం, పప్పు కలిపి తినడం వల్ల ప్రయోజనమేమిటి?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. యల్లాప్రగడ సుబ్బారావు ఎక్కడ జన్మించాడు?
2. ఇనుము గ్రహణాన్ని పెంచే విటమిన్ ఏది?