పిట్టవ్వ యిచ్చిన కూలి



ముదిమి యనునది మనకు మనమై తెలిసికొనునది కాదు; ఒకనాడు పరులు చెప్పగా వినవలసినది. నాకా వార్త కరీంనగరమునుండి వేములవాడకు పోవు ఆర్టీసీ బస్సులో తెలిసినది. అది 2024 శ్రావణ మాసమున ఒక సోమవారము. అంతకు ముందటి డిసెంబరునుండి స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైనందున బస్సులో కాలు మోప చోటు లేదు. ఇంటర్మీడియెట్ చదువుచున్నట్లున్న యొక బాలిక లేచి "తాతా, ఈడ కూసో" అనెను. నాకప్పటికి ఏబదియారేండ్లు. తలకు రంగు వేసికొని నాలుగు దినములైనను కాలేదు. "వద్దు బిడ్డా, నేను నిలబడగలను" అని గంభీరముగా పలికి, ముప్పది కిలోమీటర్లకు పైగా నిలబడియే పోతిని. తీరా చేరిన పిమ్మట ధర్మగుండము మెట్లు దిగుటకు మోకాళ్లు సహకరింపలేదు. నా యింటియామె చెంబుతో నీరు తెచ్చి నా తలపై చల్లినది. ఆమె యేమియు ననలేదు, అనినచో బాగుండెడిది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ బాలిక నాకు చేసిన అపచారమేమి? నేను జంకినది ముదిమికి కాదు, ఒకరియొద్ద పుచ్చుకొనుటకు. ముప్పదియేండ్లుగా పాఠము చెప్పుచున్నవానికి ఇచ్చుట అలవాటగును. చేయి చాచుట అలవాటు కాదు. దాసోహమును గూర్చి పిల్లలకు ఎన్నిమారులో చెప్పితిని. ఇచ్చువానికి పుచ్చుకొనువాడు కావలెనని, ఆ రెండవ స్థానము ఏదో యొకనాడు నాదగునని మాత్రము తోచలేదు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన భక్తురాండ్రలో పిట్టవ్వ యొకతె. తమిళదేశమున ఈ వృత్తాంతము మధురానగరపు శివలీలలలో వంది యను ముదుసలి కథగా ప్రసిద్ధము. మధుర కథ యిట్లున్నది. వైగై నది పొంగి గట్టు తెగెను. ఇంటికొకరు వచ్చి తమ వంతు మట్టి పోయవలెనని పాండ్యరాజు ఆజ్ఞాపించెను. అవ్వకు నా యనువారెవరును లేరు. పిట్టు వండి యమ్ముకొని బ్రదుకుచున్నది. మట్టితట్ట నెత్తుట ఆమె వలన కాదు. అంతట శివుడు కూలివాడై వచ్చి, పిట్టు కూలిగా పెట్టినచో నీ వంతు పని నేను చేసెదననెను. విరిగి చెదరిన పిట్టు అతనికి కూలి. అతడు కడుపునిండ తిని, ఆడి పాడి, చెట్టు నీడను నిద్రించెను. గట్టు పూర్తి కాలేదు. రాజు బెత్తముతో కొట్టగా ఆ దెబ్బ రాజుతో సహా సమస్త జీవులకును తగిలెను.

పురాణము చెప్పువారందరును ఆ బెత్తపు దెబ్బయొద్ద గొంతు పెంచుదురు. తరగతిలో నేనును అట్లే చేసితిని. ఇప్పుడు నా చూపు అవ్వమీద నిలిచినది. తట్ట యెత్తలేనని చెప్పుకొనుటకు ఆమె సిగ్గుపడలేదు. అట్లని, ముసలిదానను నన్ను విడువుడని రాజునొద్ద మొరపెట్టుకొననులేదు. తన చేత నైనది పిట్టు వండుట. అందులో విరిగినది కూడ ఒకని ఆకలి తీర్చునని ఆమెకు తెలియును. కాయక మనగా ఇదియే కదా! దేహము మారినకొలది కాయకము రూపు మార్చుకొనును గాని తొలగిపోదు.

కల్యాణమున ఆయ్దక్కి లక్కమ్మ, మగడు మారయ్య నాటికి చాలిన దానికంటె ఎక్కువ బియ్యపు గింజలు ఏరి తేగా, మిగులును తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపిన కథ మీరెరిగినదే. దానిని మనము ధనమునకే అన్వయింతుము. వయస్సునకును అన్వయింపవచ్చునని నా మనవి. నిన్నటి బలమును నేటి యింటికి మోసికొని రానక్కరలేదు. నల్లబల్ల పై వరుస వ్రాయుటకు నా కుడి భుజము లేచుటలేదు. ఇప్పుడు పై వరుస పిల్లలచేత వ్రాయించుచున్నాను. వారి అక్షరదోషములు వెంటనే కనబడుచున్నవి. ఈ లాభము నేనెదురుచూడనిది.

ఇది పురాణకాలపు మాట యనువారికి మన ఆదిలాబాదుననే యొక నిదర్శనము కలదు. సామల సదాశివ గారు 1928లో దహెగాం ప్రాంతమున తెనుగుపల్లెలో జన్మించిరి. వృత్తి ఉపాధ్యాయత్వము. ఉర్దూ, పారసీ సాహిత్యములందు గొప్ప ప్రవేశము. అమ్జద్ రుబాయీలను తెనిగించిరి. రాజధానికి దూరముగా ఆదిలాబాదులోనే నివసించుచు, ముదిమియందు 'యాది', 'మలయమారుతాలు', 'స్వరలయలు' వంటి గ్రంథములు వెలయించిరి. 'స్వరలయలు' గ్రంథమునకు 2011 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము లభించునప్పటికి వారికి ఎనుబదిమూడేండ్లు. మరుసటి యేడు ఆగస్టులో పరమపదించిరి. పురస్కారముకంటె నన్నాకర్షించునది వేరొకటి. వారు గాయకులు కారు, శ్రోతలు. హిందుస్తానీ సంగీతమును తాము విన్నదియు, విద్వాంసులను గూర్చి తాము తెలిసికొన్నదియు చెప్పిరి. ఒకరియొద్ద పుచ్చుకొన్నది యింత యున్నదని చెప్పుటయే వారి చివరి పంట. బస్సులో చోటు పుచ్చుకొనలేక పోయిన నాకిది పెద్ద పాఠము.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఈ మాటలు నెలజీతగాడనైన నాకు చెల్లును. కరీంనగరము, జగిత్యాల, నిర్మల్ ప్రాంతములలో తునికాకు కత్తిరించి, కూర్చున్నచోట కూర్చుండి బీడీలు చుట్టు తల్లులకు నడుము వంగి వ్రేళ్లు తిరుగని దినము వచ్చినపుడు, "సంతృప్తిగా నుండుమమ్మా" అనుట పాపము. 2014లో వచ్చిన ఆసరా పింఛనును తరువాత బీడీలు చుట్టువారికిని వర్తింపజేసిరి. 2019లో 2,016 రూపాయలు చేసిరి. అట్టి సాయము భిక్ష కాదు, వారి కూలిలో మిగిలిన బాకీ. సంతృప్తి తనకు తాను నేర్చుకొనునది. పరులకు పథ్యముగా విధించునది కాదు.

మా యుపాధ్యాయుల సంగతియు నంతే. 2021లో మన రాష్ట్రమున ఉద్యోగ విరమణ వయస్సును 58నుండి 61కి పెంచినపుడు మా విశ్రాంతి గదిలో మిఠాయి పంచిరి. నేనును తింటిని. డి.యిడి. చదివి ఉద్యోగమునకై యెదురుచూచుచున్న మా యన్న కుమారుడు ఆ సాయంత్రము నాతో మాటలాడలేదు. వానికి చెప్పదగిన సమాధానము నాకిప్పటికిని దొరకలేదు.

గత కార్తికమున మరల వేములవాడకు బస్సెక్కితిని. తలకు రంగు మానివేసితిని. ఈసారి యొక బాలుడు లేచి చోటు చూపెను. కూర్చుంటిని. వాడు కడ్డీ పట్టుకొని నిలబడి, తన పుస్తకముల సంచిని నా యొడిలో పెట్టి, "జర పట్టుకోండ్రి తాతా" అనెను. సంచి బరువుగానే యుండెను. వాడు దిగువరకు రెండు చేతులతో పట్టుకొంటిని.