పక్షవాతం తర్వాత చేతి స్పృహ: రోబో చికిత్స

పక్షవాతం వస్తే చెయ్యి పడిపోవడం అందరికీ కనిపిస్తుంది. కళ్లు మూసుకుంటే ఆ చెయ్యి ఎక్కడుందో తెలియకపోవడం మాత్రం రోగికే తెలుసు. చూడకుండానే అవయవాల స్థితిని గుర్తించే ఈ జ్ఞానమే ప్రొప్రియోసెప్షన్. 1906లో ఈ పదాన్ని వాడుకలోకి తెచ్చిన చార్లెస్ షెరింగ్టన్ 1932లో వైద్య నోబెల్‌ను ఎడ్గార్ ఏడ్రియన్‌తో పంచుకున్నారు. కుడిచేతి స్పర్శ, స్థితి సమాచారం చేరేది ఎడమ మెదడులోని పెరైటల్ లోబ్‌కు. పోటీ పరీక్షల అభ్యర్థులు తికమకపడేది ఇక్కడే.

కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ స్కాట్ రూపొందించిన కైనార్మ్ రోబో ప్రొప్రియోసెప్షన్ లోపాన్ని కొలుస్తుంది. అది ఒక చేతిని కదిలించి ఒకచోట ఉంచుతుంది. రోగి చూడకుండా రెండో చేతిని అద్దంలో ప్రతిబింబంలా అదే స్థితిలో పెట్టాలి. ఎంత తేడా వస్తే అంత లోపం. కంటి అంచనాకు అందనిది అంకెల్లోకి రావడం నిజంగా గొప్ప ముందడుగు.

కొలత నుంచి చికిత్సకు వస్తే, ఆ రోబోల్లో తొలితరం పేరు అమెరికాకు చెందిన ఎంఐటీ-మేనస్. రూపకర్తలు నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్. రోగి తన చేతిని కదపలేనప్పుడు మాత్రమే ఈ రోబో సాయపడుతుంది. అయితే బ్రిటన్‌లో 770 మందిపై జరిపిన రాటల్స్ అధ్యయనంలో సాధారణ చికిత్స కంటే ఈ రోబో శిక్షణ చేతి పనితీరును మెరుగుపరచలేదని 2019లో తేలింది. ప్రచారం కన్నా ఈ ఫలితాన్నే ముందు గుర్తుపెట్టుకోవాలి.

తేదీ కూడా గుర్తుంచుకోండి: ప్రపంచ పక్షవాత దినం అక్టోబరు 29.