కాలేజీ తెరిచేలోగా ఊరు పాతబడాలి

ఆటిజం ఉన్న పిల్లవాడు ఇంటర్ గట్టెక్కాడంటే ఆ ఇల్లు ఎన్నేళ్లు కంటి మీద కునుకు లేకుండా గడిపిందో బయటివాళ్లకు తెలియదు. ఇప్పుడు పార్వతీపురం నుంచో పలాస నుంచో విశాఖలో డిగ్రీకి పంపాలి. ‘హాస్టల్లో వేసేయండి, వాడే అలవాటు పడతాడు’ అనే చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ మాట వినకండి. ఈ పిల్లల్లో చాలామందిని కుంగదీసేది పాఠం కాదు, చెప్పాపెట్టకుండా వచ్చిపడే మార్పు. క్లాసులు మొదలయ్యేనాటికి ఊరు వాడికి పాతబడిపోవాలి.

పశుశాస్త్ర ఆచార్యురాలిగా పేరొందిన అమెరికన్ టెంపుల్ గ్రాండిన్ ఆటిజంతోనే పెరిగారు. బడి వదిలి కాలేజీకి వెళ్లడమనే ఆలోచన ఆమెకు ఉత్త మాటల్లో అందలేదు. తానున్న భవనం పైకప్పు మీదికి తెరుచుకునే చిన్న తలుపులోంచి నిజంగా నడిచి, దాటడమంటే ఏమిటో మనసుకు పట్టించుకున్నారు. 1970లో డిగ్రీ అందుకున్నారు.

మీ వాడికి ఆ తలుపు ఆర్టీసీ బస్సే కావచ్చు. వేసవిలోనే విశాఖకు తీసుకురండి. మొదటిసారి ఆదివారం పొద్దున, రద్దీ లేనప్పుడు. బస దగ్గర నుంచి కాలేజీ గేటు దాకా దారంతా వాడి ఫోన్‌లోనే వీడియో తీయించండి. మద్దిలపాలెంలో దిగితే రోడ్డు ఎక్కడ దాటాలి, ఏ బోర్డు చూసి మలుపు తిరగాలి, అన్నీ అందులో ఉండాలి. తర్వాత సరిగ్గా కాలేజీ వేళకే ఎక్కించండి. టికెట్ వాడే తీసుకుంటాడు, మీరు వెనక సీట్లో కూర్చోండి. ఒకరోజు కావాలనే బస్సు వదిలేసి, తర్వాతిది వచ్చేదాకా ఏం చేయాలో అక్కడే నిలబడి నేర్పండి. గాజువాక వైపు ఇల్లు తీసుకుంటే, స్టీల్‌ప్లాంట్ షిఫ్టు మారే వేళ ఆ రోడ్డెలా ఉంటుందో వాడు ముందే చూడాలి.

విశాఖ చప్పుళ్ల ఊరు కూడా. బీచ్ దగ్గర గది తీసుకుంటే, నేవీ విన్యాసాలకు ముందు రిహార్సల్స్‌లో విమానాలు నెత్తిమీదే ఉరుముతాయి. పేపర్లో తేదీ చూడగానే వాడికి చెప్పండి, చెవులకు హెడ్‌ఫోన్లు బ్యాగులో ఉంచండి. హాస్టల్ మెస్‌లో స్టీలు కంచాల మోతకే అన్నం మానేసే పిల్లలుంటారు. అందుకే మొదటి సెమిస్టర్ అయినా ఇంట్లో ఒకరు తోడుండడం మేలు. ఆ ఒకరు ప్రతిసారీ అమ్మే కానక్కర్లేదు. చప్పుళ్లే కాదు, ఈ ఉప్పుగాలి ఊళ్లో చెమటకు కొత్త బట్ట కూడా గుచ్చుకుంటుంది. నాలుగుసార్లు ఉతికి మెత్తబడ్డాకే తొడగనివ్వండి.

కాగితాలు మాత్రం ఆలస్యం చేయొద్దు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ సీట్ల కౌన్సెలింగ్‌కు ముందే చేతిలో ఉండాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువీకరిస్తే ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్ల రిజర్వేషన్, వయసులో 5 ఏళ్ల సడలింపు వర్తిస్తాయి. పరీక్షలో అదనపు సమయం అడగండి. అది దయ కాదు, హక్కు.

‘చెబితే వేరుగా చూస్తారేమో’ అని దాచే తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. అయినా చెప్పడమే మంచిదంటాను, వాడు ఒప్పుకున్నాకే. అర పేజీ చాలు, వాడి మాటల్లోనే: ‘నేను కళ్లలోకి చూడకపోయినా వింటున్నాను. గది మారితే ముందురోజు చెప్పండి. తట్టుకోలేనప్పుడు పది నిమిషాలు బయటికి వెళ్తాను.’ ప్రతి లెక్చరర్‌కూ ఒక కాపీ ఇవ్వండి. ఒకటి లైబ్రేరియన్‌కు కూడా. బయటికి వచ్చినవాడు వెళ్లి కూర్చునేది ఎక్కువగా అక్కడే.

మొదటి నెల మార్కుల ఊసెత్తకండి. అన్నం తిన్నాడా, నిద్ర పట్టిందా, బస్సు ఇబ్బంది లేకుండా ఎక్కాడా అన్నవే అడగండి. ఫోన్లో మాట్లాడడం కష్టమైతే మెసేజ్ పెట్టమనండి.